చెల్లెలి ఎమ్మెస్ ఫీజు ఎమ్మిగనూరు నుంచి పంపడం: ఎవరి ఖాతా, ఎవరి పాన్, ఏ తేదీ

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, ఇదే అవస్థలో ఉన్న మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీది ఎమ్మిగనూరు. చెల్లెలికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది, ఆగస్టులో క్లాసులు. మొదటి సెమిస్టర్ ఫీజు 12,000 డాలర్లు. నాన్నది వ్యవసాయం, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను ఎప్పుడూ వేయలేదు. అమ్మ పేరున కొంత ఎఫ్‌డీ ఉంది. 30 లక్షల ఎడ్యుకేషన్ లోన్‌కు పొలం చూపాలా, కర్నూలులో ఇల్లు చూపాలా అని ఆలోచిస్తున్నారు. చాలకపోతే బంగారం కుదువ పెడదామని ఇంట్లో మాట. దుడ్లు ఏ బ్యాంకు నుంచి పంపితే మంచిది, అక్కడ ఖాతా ఎలా తెరవాలి, చెల్లెలి స్నేహితులు చెబుతున్నట్టు రూపాయలు ఇక్కడిచ్చి డాలర్లు అక్కడ తీసుకోవచ్చా అని అడిగారు.

ఏ బ్యాంకు అనేది చివర్లో తేలే సంగతి. ముందు ప్రతి రూపాయికీ మూడు విషయాలు రాసిపెట్టుకోండి: ఎవరి ఖాతా నుంచి పోతుంది, ఎవరి పాన్ మీద నమోదవుతుంది, ఏ తేదీన పోతుంది. కమీషన్ నాలుగు వందలా ఆరు వందలా అని పది శాఖలు తిరిగేవాళ్లు ఉన్నారు. నిజంగా వేలల్లో పోయేది ఈ మూడు తేల్చుకోనప్పుడే.

లోన్ సంగతి మొదట

పొలం పాస్‌బుక్ పట్టుకుని శాఖకు పోతే పని జరగదు, మేనేజరుకు మనసు లేక కాదు. అప్పు ఎగ్గొడితే కోర్టుకు పోకుండా ఆస్తి వేలం వేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. ఆ చట్టమే వ్యవసాయ భూమిని మినహాయించింది. వేలం వేయలేని తాకట్టు బ్యాంకుకు ఎందుకు? అందుకే ఆదోని వైపు ఇరవై ఎకరాలున్న రైతుకంటే కర్నూలులో మూడు సెంట్ల ఇల్లున్న వాడికి ఎడ్యుకేషన్ లోన్ సులువుగా పుడుతుంది. మీ విషయంలో ఇల్లే పెట్టండి. రిజిస్టర్డ్ దస్తావేజు అసలు, దానికి ముందువైన లింకు డాక్యుమెంట్లు, బ్యాంకు లాయరు అడిగినన్ని ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), ప్లాన్ అప్రూవల్, తాజా ఇంటి పన్ను రసీదు సిద్ధంగా పెట్టుకోండి. గ్రామకంఠంలో కట్టిన ఇంటికి సాధారణంగా దస్తావేజు ఉండదు కాబట్టి లాయరు ఒపీనియన్ దగ్గరే ఆగిపోతుంది. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ కలిపి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. మే నెల దాటాక మొదలుపెడితే ఫీజు గడువుకు లోన్ అందదు.

నాన్న కో-అప్లికెంట్ అవుతారు కాబట్టి ఆయన సిబిల్ (అప్పుల చరిత్ర రిపోర్టు) ముందే తీసి చూడండి. పంట రుణం, బంగారం మీద పంట రుణం రెండూ సిబిల్‌లో కనబడతాయి. ఏటా రెన్యువల్ చేయాల్సింది మరిచిపోతే, వడ్డీ కట్టినా సరే, అది ఓవర్‌డ్యూగా నిలబడి ఉంటుంది. దరఖాస్తు పెట్టకముందే రెన్యువల్ చేయించి, ఆ మార్పు రిపోర్టులోకి ఎక్కేదాకా ఆగాలి.

మంజూరు రూపాయల్లో, ఖర్చు డాలర్లలో. ఇది అందరికీ తెలిసిందే, అయినా లెక్క వేసేవాళ్లు తక్కువ. డాలరు 84 ఉన్నప్పుడు 30 లక్షలకు 35,714 డాలర్లు వస్తాయి. అదే డాలరు 90 అయితే 33,333. అంటే సంతకం పెట్టిన కాగితం మారకుండానే 2,381 డాలర్లు తగ్గిపోయాయి. రెండేళ్ల కోర్సుకు ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఉన్న ఖర్చును నేటి రేటుతో గుణించి, పైన కనీసం 10 శాతం కలిపి మంజూరు అడగండి. వాడుకోని మొత్తానికి వడ్డీ పడదు.

విదేశీ చదువుకు బ్యాంకుల సాధారణ పద్ధతిలో మార్జిన్, అంటే మీరు సొంతంగా పెట్టాల్సిన వాటా, 15 శాతం. ఫీజు బిల్లు 10 లక్షలైతే లోన్ నుంచి ఎనిమిదిన్నర లక్షలు, మీ ఖాతా నుంచి లక్షన్నర. ప్రతి సెమిస్టర్‌కూ ఇలాగే. మొదటి సెమిస్టర్‌లో ఇది తెలియక, చేతి డబ్బంతా విమానం టికెట్‌కు, అడ్వాన్సు అద్దెకు పెట్టేసి, మార్జిన్ దగ్గర ఇరుక్కునే కుటుంబాలు చాలా.

ఇంకొకటి. లోన్ చెల్లెలి పేరు మీద ఉంటుంది. జనవరిలో రెండో సెమిస్టర్ ఫీజు విడుదల చేయించాలంటే సంతకం కావాలి, ఆమె అప్పటికి అమెరికాలో ఉంటుంది. కో-అప్లికెంటుగా నాన్న సంతకం సరిపోతుందా, లేక ఆమె ముందుగా అధికార పత్రం ఇచ్చి పోవాలా అన్నది మీ శాఖలో ఇప్పుడే అడిగి, ఏ కాగితమైతే అది ఆమె ఇక్కడ ఉండగానే చేయించండి. ప్రతి సెమిస్టర్‌కూ యూనివర్సిటీ ఇన్‌వాయిస్, ముందు సెమిస్టర్ మార్కులు బ్యాంకు అడుగుతుంది. గడువుకు మూడు వారాల ముందు ఇవ్వండి.

కోర్సు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది వరకు ఈఎంఐ ఉండదు కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 10 శాతం చొప్పున 8 లక్షలు విడుదలైతే నెలకు సుమారు 6,670 రూపాయలు. మొత్తం 30 లక్షలూ విడుదలయ్యాక నెలకు 25,000. ఆ మొదటి నెలల వడ్డీ అయినా ఇక్కడ కడుతూ పోతే తర్వాత అసలులో కలిసి పెరగదు.

రేటులోనే అసలు కోత

12,000 డాలర్లు ఒకసారి పంపితే ఏది ఎంత తింటుందో చూడండి. లెక్క సులువుగా ఉండాలని మార్కెట్ రేటు 90 అనుకుందాం. బ్యాంకు ఆ రోజు కౌంటర్లో పెట్టే కార్డ్ రేటు 91.20 అనుకోండి. మీరు కట్టేది 10,94,400. మార్కెట్ రేటుతో అయితే 10,80,000. తేడా 14,400 రూపాయలు, ఇది ఏ రసీదులోనూ చార్జీగా కనబడదు.

ఇప్పుడు కనబడే చార్జీలు. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ మొత్తం సొమ్ము మీద కాదు, దానికి ఒక స్లాబు ఉంది: లక్ష వరకు 1 శాతం, లక్ష నుంచి 10 లక్షల దాకా 1,000 రూపాయలతో పాటు అర శాతం, ఆ పైన 5,500తో పాటు 0.1 శాతం. ఆ వచ్చిన విలువ మీద 18 శాతం. మన ఉదాహరణలో విలువ 5,594, జీఎస్టీ 1,007 రూపాయలు. స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు డబ్బు సమాచారం పంపుకునే వ్యవస్థ) చార్జీ, కమీషన్ కలిపినా ఇంకో వెయ్యో రెండు వేలో.

అంటే బేరం ఆడాల్సింది కమీషన్ మీద కాదు, రేటు మీద. శాఖ మేనేజరును "స్పెషల్ రేటు అడిగి చెప్పండి సార్" అని అడగండి. పెద్ద మొత్తాలకు శాఖ తన ట్రెజరీ డెస్కుకు ఫోన్ చేసి కార్డ్ రేటుకంటే తక్కువకు తెప్పించుకోగలదు. 90.50కి ఒప్పుకుంటే మీకు 8,400 మిగిలినట్టే. ఉదయం తొమ్మిదిన్నరకు కాకుండా, మార్కెట్ నడుస్తుండగా పదకొండు, పన్నెండు మధ్య అడగండి. శనివారం, సెలవు ముందురోజు అడిగితే బ్యాంకు తన భద్రతకు రేటు పెంచి చెబుతుంది.

యూనివర్సిటీ ఫీజు పేజీలో ఫ్లైవైర్, కన్వెరా లాంటి చెల్లింపు సంస్థల లింకు ఉంటే అక్కడ కూడా రూపాయల్లో మొత్తం ఎంత చూపిస్తుందో చూడండి. చార్జీ సున్నా అని రాసి ఉంటుంది, వాళ్ల లాభం రేటులో ఉంటుంది. అన్నింటికీ ఒకే కొలత: 12,000 డాలర్లు యూనివర్సిటీ ఖాతాలో పూర్తిగా పడాలంటే నా ఖాతా నుంచి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి? అదే రోజు, అదే గంటలో ఇద్దరు ముగ్గుర్ని ఈ ఒక్క ప్రశ్నే అడగండి.

టీసీఎస్: నాన్న పాన్, అమ్మ పాన్

రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఇక్కడ ఉండే ఒక్కొక్కరు ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. ఆ పరిమితి మనలాంటి ఇళ్లకు అడ్డం కాదు. అడ్డం వచ్చేది టీసీఎస్, అంటే డబ్బు బయటికి పంపేటప్పుడు బ్యాంకు మీ దగ్గర ముందుగా వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఒక పాన్ మీద ఏడాదిలో 10 లక్షల వరకు టీసీఎస్ లేదు. సొంత డబ్బుతో చదువుకు పంపితే 10 లక్షల పైన ఉన్న భాగానికి మాత్రమే పడుతుంది. 2025-26లో అది 5 శాతం. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఏప్రిల్ నుంచి 2 శాతానికి దించుతున్నట్టు ప్రకటించారు. అదే డబ్బును చదువు అని కాక కుటుంబ పోషణ లాంటి వేరే పద్దు కింద పంపితే 20 శాతం. అందుకే ఫారంలో పద్దు కోడ్ తప్పితే టీసీఎస్ పదింతలు.

ఎడ్యుకేషన్ లోన్ నుంచి నేరుగా పోయే డబ్బుకు టీసీఎస్ అసలే లేదు, ఎంత పంపినా సరే. మీ ఇంట్లో అనుకుంటున్న బంగారం మాట ఇక్కడే తిరగబడుతుంది. ప్రొద్దుటూరు నుంచి పత్తికొండ దాకా మన వైపు అవసరమొస్తే మొదట గుర్తొచ్చేది బంగారమే. కానీ గోల్డ్ లోన్ ఎడ్యుకేషన్ లోన్ కాదు. ఆ డబ్బుతో ఫీజు కట్టినా అది సొంత డబ్బు లెక్కే, 10 లక్షలు దాటితే టీసీఎస్ పడుతుంది, వడ్డీకి 80ఈ (చదువు లోన్ వడ్డీకి ఇచ్చే) పన్ను మినహాయింపూ రాదు. (ఆదాయపు పన్ను కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, జనం నోట్లో మాత్రం పాత నంబర్లే.) కాబట్టి ఫీజు లోన్ నుంచి పంపి, బంగారం డబ్బును మార్జిన్‌కూ, అక్కడి ఖర్చులకూ వాడుకోండి.

10 లక్షల పరిమితి మనిషికి, ఇంటికి కాదు. బ్యాంకు మార్చినా లెక్క మారదు, పాన్ మారితే మారుతుంది. అమ్మ ఎఫ్‌డీ అమ్మదే కాబట్టి ఆమె ఖాతా నుంచి, ఆమె పాన్ మీద ఖర్చుల డబ్బు పంపొచ్చు, అది తప్పు కాదు. తేదీ కూడా ఇక్కడే పనికొస్తుంది. ఆగస్టు ఫీజు, జనవరి ఫీజు రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడతాయి. మార్చి చివర్లో ఖర్చులకు పంపాల్సింది వారం ఆపి ఏప్రిల్ 2న పంపితే కొత్త 10 లక్షల పరిమితిలోకి వెళ్తుంది.

టీసీఎస్ పడితే అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. కానీ నాన్న రిటర్ను వేసే అలవాటు లేదన్నారు. వేయకపోతే ఆ సొమ్ము అక్కడే ఉండిపోతుంది. పన్ను పోర్టల్‌లో ఆయన పాన్ మీద టీసీఎస్ ఎక్కిందా అని చూసి, సాధారణంగా జులై 31 లోపు వేయించండి. వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. చాలామంది ఆడిటర్ల దగ్గర కూర్చున్న కుర్రాడు అలవాటుగా ఐటీఆర్-1 కొట్టేస్తాడు, చూసుకోండి. అంతకంటే ముందు నాన్న పాన్ ఆధార్‌తో లింకై ఉందో లేదో చూడండి. పని చేయని పాన్ మీద టీసీఎస్ రేటు పెరుగుతుంది, కొన్ని శాఖలు అసలు పంపవు.

డబ్బు ఎక్కడిదని బ్యాంకు అడుగుతుంది, వీసా అధికారి కూడా అడగొచ్చు. ఉల్లి, పత్తి, చీనీ కాయలు అమ్మిన డబ్బైతే మార్కెట్ యార్డు ఇచ్చిన పట్టీలు దాచండి. ఊళ్లో చీటీ పాడి తెచ్చిన నగదుకు కాగితం ఉండదు, దాన్ని ఒకేసారి నాలుగు లక్షలు జమ చేస్తే ప్రశ్న తప్పదు. పొలం అమ్ముతుంటే డబ్బు చెక్కు మీదో ఆర్‌టీజీఎస్ మీదో తీసుకోండి. రిజిస్ట్రేషన్ విలువ ఎంత ఉంటే అంతే కాగితం మీద మీ డబ్బు, మిగతాది చూపించుకోలేరు.

ఏ-2 ఫారం, స్విఫ్ట్ కాపీ

అన్ని శాఖలూ విదేశాలకు డబ్బు పంపలేవు. మండల కేంద్రంలోని శాఖ ఫారం తీసుకుని స్కాన్ చేసి ఫారెక్స్ శాఖకు పంపుతుంది, అక్కడ ఒక సందేహం వస్తే మళ్లీ వెనక్కి. ఒక్కో విడతకు ఒకటి రెండు రోజులు. వీలైతే కర్నూలులో ఫారెక్స్ చేసే శాఖకు నేరుగా వెళ్లండి. గ్రామీణ బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బును ముందే వాణిజ్య బ్యాంకు ఖాతాలోకి మార్చుకోండి. ఆ బ్యాంకు స్టేట్‌మెంట్లు వీసాకు పెడుతుంటే మరో మాట: కడప కేంద్రంగా ఉన్న ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. కొత్త పేరున్న లెటర్‌హెడ్ మీదే తీసుకోండి.

విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే దరఖాస్తే ఏ-2 ఫారం. దాని మీద మీరు కళ్లు పెట్టాల్సినవి. పద్దు కోడ్ ఎస్0305, అంటే విదేశంలో చదువు, ఫీజు, హాస్టల్ ఖర్చులు. క్లర్కు కుటుంబ పోషణ కోడ్ ఎస్1301 వేస్తే అక్కడే ఆపండి, అది 20 శాతం పద్దులోకి పోతుంది. లబ్ధిదారు పేరు ఇన్‌వాయిస్‌లో ఎలా ఉందో అలాగే. అమెరికాకు ఐబాన్ (యూరప్ లాంటి చోట్ల వాడే ఖాతా నంబరు) ఉండదు. స్విఫ్ట్ కోడ్, ఖాతా నంబరు, తొమ్మిదంకెల రౌటింగ్ నంబరు కావాలి. ఒకే బ్యాంకుకు దేశీయ ఏసీహెచ్‌కు (అమెరికా లోపలి మామూలు బదిలీ) ఒక రౌటింగ్ నంబరు, వైర్‌కు (మీరు పంపే లాంటి నేరు బదిలీ) వేరే నంబరు ఉండొచ్చు, ఇన్‌వాయిస్‌లో వైర్ అని రాసి ఉన్నదే వేయండి.

వివరాల గడిలో స్టూడెంట్ ఐడీ మొదట రాయించండి, తర్వాత పేరు, తర్వాత సెమిస్టర్. ఆ గడికి 140 అక్షరాలే పడతాయి. మన క్లర్కులు మొదట "పేమెంట్ టువర్డ్స్ ట్యూషన్ ఫీజ్ ఆఫ్ మిస్" అని రాసుకుంటూ పోతే చివర ఐడీ తెగిపోతుంది. డబ్బు యూనివర్సిటీ ఖాతాలో పడుతుంది, చెల్లెలి పేరు మీద మాత్రం ఎక్కదు. గడువు దాటిందని లేట్ ఫీజు వేస్తారు, క్లాసుల రిజిస్ట్రేషన్ కూడా ఆగుతుంది.

చార్జీల గడిలో మూడు ఎంపికలు ఉంటాయి: ఓయూఆర్, ఎస్‌హెచ్‌ఏ, బీఈఎన్. ఫీజుకు ఓయూఆర్ వేయించండి, అంటే దారిలో చార్జీలన్నీ మీవే. ఎస్‌హెచ్‌ఏ వేస్తే మధ్యలో కరస్పాండెంట్ బ్యాంకు 15 నుంచి 30 డాలర్లు కోసుకుంటుంది. 12,000 బదులు 11,975 పడుతుంది. యూనివర్సిటీ కంప్యూటరుకు 25 డాలర్ల బాకీ కూడా బాకీయే.

డబ్బు పోయిన రోజే స్విఫ్ట్ కాపీ, ఎంటీ103 అంటారు, తీసుకుని చెల్లెలికి పంపండి. అందులో యూఈటీఆర్ అని పొడుగాటి నంబరు ఉంటుంది. మూడు పని రోజులు దాటినా డబ్బు చేరకపోతే బ్యాంకును అడగాల్సింది ఆ నంబరు పట్టుకునే. అది లేకుండా "సార్ పంపినాం, రాలేదంట" అంటే ఎవరూ వెతకరు.

చేతిలో ఏం తీసుకుపోవాలి

ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే తీసుకోవచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో (ముందే డాలర్లు నింపుకునే కార్డు). అంత నగదు అక్కర్లేదు. 500 నుంచి 700 డాలర్లు నోట్లు, అందులో కనీసం 200 చిన్న నోట్లు. 1,500 నుంచి 2,000 కార్డులో. అద్దె అడ్వాన్సు, మొదటి నెల అద్దె, పరుపు, సామాన్లకు ఇది సరిపోతుంది. రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న డీలరు దగ్గరే కొని బిల్లు దాచండి. 50,000 రూపాయలకు మించితే నగదు ఇచ్చి కొనకూడదు, ఖాతా నుంచే. కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు పోయే అలవాటు ఉంది. పోకముందు ఫోన్‌లో రేటు అడిగి పోల్చుకోండి, బస్సు చార్జీలు కూడా రాని తేడాకు ప్రయాణం దండగ. విమానాశ్రయంలో కౌంటర్ రేటు మాత్రం ఎప్పుడూ చెడ్డదే.

ఇక్కడి డెబిట్ కార్డు అక్కడ గీకితే రేటు మీద 2 నుంచి 3.5 శాతం అదనం, దాని మీద జీఎస్టీ. అత్యవసరానికి ఒకటి ఉంచుకోండి, రోజూ వాడకానికి కాదు.

అక్కడ ఖాతా

సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండానే ఖాతా తెరుస్తారు. పాస్‌పోర్టు, వీసా, ఐ-20, ఐ-94 (అమెరికాలో దిగిన రికార్డు) ప్రింటు, యూనివర్సిటీ ఐడీ, అక్కడి చిరునామాకు రుజువుగా అద్దె ఒప్పందం కానీ హాస్టల్ లేఖ కానీ తీసుకుని క్యాంపస్ దగ్గరి శాఖకు వెళ్లాలి. మన పాన్ నంబరు కూడా రాసుకుపొమ్మనండి. విదేశీ పన్ను నంబరు అడిగే గడిలో అదే వేస్తారు. డబ్ల్యూ-9 కాదు, డబ్ల్యూ-8బెన్ మీద సంతకం పెట్టాలి. డబ్ల్యూ-9 అంటే నేను అమెరికా పన్ను నివాసిని అని ఒప్పుకున్నట్టు. కౌంటర్ అమ్మాయి హడావుడిలో తెర మీద డబ్ల్యూ-9 చూపించి వేలు పెట్టమనే సందర్భాలుంటాయి.

పేరు దగ్గర మనవాళ్లకు ఎప్పుడూ తంటా. ఇక్కడి ఖాతాలో "కె లక్ష్మి", పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరు ఖాళీ అయితే అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, బ్యాంకు ఖాతా కూడా అదే పేరుతో తెరుచుకుంటుంది. మీరు ఖర్చుల డబ్బు పంపేటప్పుడు ఏ-2లో రాయాల్సింది ఆ అమెరికా ఖాతాలో ఎలా ఉందో అచ్చం అలాగే. ఇంట్లో పిలిచే పేరు రాస్తే వైర్ తిరిగి వస్తుంది, రెండు వైపులా మార్పిడి నష్టం మీదే. ఇంకా ఆరు నెలల సమయం ఉన్నవాళ్లు పాస్‌పోర్టులోనే ఇంటిపేరు పెట్టించుకుంటే తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది.

విద్యార్థి చెకింగ్ ఖాతాకు నెలవారీ చార్జీ ఉండదు, కానీ ఎన్నేళ్లు ఉండదో అడగాలి. ఓవర్‌డ్రాఫ్ట్‌కు ఒప్పుకోవద్దని చెప్పండి. ఖాతాలో 12 డాలర్లుండి 15 డాలర్ల కాఫీ, శాండ్‌విచ్ కొంటే, పోయేది 15 కాదు, దాని మీద బ్యాంకు వేసే జరిమానా కూడా. ఎఫ్‌డీఐసీ బీమా (బ్యాంకు మునిగితే డబ్బు తిరిగిచ్చేది) ఒక బ్యాంకులో 2,50,000 డాలర్ల దాకా ఉంటుంది, ఆ భయం వద్దు. డెబిట్ కార్డు పోస్టులో వస్తుంది, పోస్టు డబ్బా మీద చెల్లెలి పేరు లేకపోతే వెనక్కి పోతుంది.

క్రెడిట్ హిస్టరీ సున్నా కాబట్టి మొదట సెక్యూర్డ్ కార్డు (డిపాజిట్ కట్టి తీసుకునే క్రెడిట్ కార్డు) కానీ విద్యార్థి కార్డు కానీ దొరుకుతుంది. 500 డాలర్ల లిమిట్ ఉంటే స్టేట్‌మెంట్ తేదీకి 150 దాటకుండా, గడువుకు మొత్తం కట్టేస్తూ పోవాలి. కనీస మొత్తం కడితే చాలు అన్న మాట నమ్మితే వడ్డీ 20 శాతం పైనే.

చెల్లెలికి క్యాంపస్‌లో పని దొరికితే క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. బయట నగదుకు పని చేస్తే డబ్బు సంగతి కాదు, విద్యార్థి వీసా స్టేటస్సే పోతుంది. ఆదాయం ఉన్నా లేకున్నా అమెరికా పన్ను శాఖకు ఫారం 8843 పంపాలి; ఆదాయం లేకపోతే జూన్ 15 దాకా గడువు. జీతం ఉంటే ఏప్రిల్ 15 లోపు 1040-ఎన్‌ఆర్ అనే పన్ను రిటర్ను వేయాలి. చాలా దేశాల విద్యార్థులకు లేని ఒక సౌకర్యం మనవాళ్లకు ఉంది: భారత్-అమెరికా పన్ను ఒప్పందం ఆర్టికల్ 21 వల్ల స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) తీసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ దాన్ని తనంతట తాను వేయకపోవచ్చు, దేశం గడి చూసుకోవాలి. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కోత కూడా ఉండకూడదు. కోసుంటే పేరోల్ వాళ్లను అడిగి వెనక్కి తీసుకోవాలి.

రూపాయలు ఇక్కడ, డాలర్లు అక్కడ

స్నేహితుల మాట గురించి సూటిగా చెబుతాను: వద్దు. అక్కడ ఒకబ్బాయి తన జీతం ఇంటికి పంపాలనుకుంటాడు, మీరు ఫీజు పంపాలనుకుంటారు. మీరు వాళ్ల నాన్నకు ఫోన్‌పేలో రూపాయలు వేస్తే అతను జెల్‌లో (అక్కడి ఫోన్‌పే లాంటిది) చెల్లెలికి డాలర్లు వేస్తాడు. రేటు కూడా బ్యాంకుకంటే బాగుంటుంది, చూడ్డానికి ఇద్దరికీ లాభమే. కానీ విదేశంలో డాలర్లు పొందడానికి ప్రతిఫలంగా ఇక్కడ రూపాయలివ్వడం ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) సెక్షన్ 3 కిందికి వస్తుంది; జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా వేయొచ్చు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, నిజంగా దెబ్బతీసేది వేరే. గొలుసులో ముక్కూ మొహం తెలియని మూడో మనిషి ఉంటాడు. మీరు రూపాయలు వేసిన ఖాతా ఏదైనా సైబర్ మోసం కేసులో ఉంటే, ఏదో రాష్ట్రం పోలీసులు మీ ఖాతా మీద కూడా లీన్ (డబ్బు తీయకుండా ఆపడం) పెట్టొచ్చు. ఎమ్మిగనూరులో ఉన్న మీరు ఆ ఊరి స్టేషనుతో ఫోన్లలో మాట్లాడుకోవాలి, ఈలోగా పంట డబ్బు, పెన్షన్ అన్నీ అందులోనే ఇరుక్కుంటాయి.

దీనికి అన్న లాంటిది ఇంకొకటి: "మీ ఫీజు మేం కడతాం, పది శాతం తక్కువ ఇవ్వండి." దొంగిలించిన కార్డుతో కడతారు. యూనివర్సిటీ పేజీలో పెయిడ్ అని కనబడుతుంది, మీరు రూపాయలిచ్చేస్తారు, నాలుగైదు వారాలకు కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేస్తే ఆ చెల్లింపు రద్దవుతుంది. ఫీజు బాకీ, దానికి తోడు విచారణ. చూడని ఇంటికి జెల్‌లో అడ్వాన్సు వేయడం కూడా ఈ కోవలోదే.

అమెరికా కాని వాళ్లకు, రెండు మాటల్లో

యూకేకు పోతున్నవాళ్లు 28 రోజుల నియమం దగ్గర పడిపోతారు. మిగిలిన ఫీజుతో పాటు జీవన ఖర్చు లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171 చొప్పున తొమ్మిది నెలలది, వరుసగా 28 రోజులు ఖాతాలో ఒక్క రోజు కూడా తగ్గకుండా ఉండాలి. 19వ రోజు కరెంటు బిల్లు కట్టి బ్యాలెన్సు వెయ్యి రూపాయలు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది, అందుకే కాస్త ఎక్కువే ఉంచాలి. ఖాతా విద్యార్థిది కానీ తల్లిదండ్రులది కానీ అయి ఉండాలి. మేనమామ ఎంత దగ్గరైనా ఆయన ఖాతా చెల్లదు. జర్మనీకి 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో, నెలకు 992 చొప్పున విడుదలవుతుంది. డబ్బు చూపించి తీసేసుకునే "షో మనీ" ఏజెంట్లు కడప, అనంతపురంలో కూడా ఉన్నారు. దొరికితే వీసా తిరస్కరణ ఒక్కసారితో పోదు, తర్వాతి ప్రతి దరఖాస్తులోనూ చెప్పుకోవాలి.

ఇక్కడి ఖాతా, సిమ్

చదువుకు పోయిన విద్యార్థిని ఫెమా ప్రకారం ఎన్‌ఆర్‌ఐగానే చూస్తారు. కాబట్టి చెల్లెలి పేరున ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి రూపాయలు ఉంచుకునే ఖాతా) మార్పించాలి. పాస్‌పోర్టు, వీసా, ఐ-20 నకళ్లు చాలు, ఆమె ఊళ్లో ఉండగానే ఫారాల మీద సంతకాలు తీసుకుంటే పోస్టులో తిరగక్కర్లేదు. నాన్నను జాయింటుగా పెట్టాలంటే ఎన్‌ఆర్‌ఓలో కుదురుతుంది, ఫార్మర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో; అంటే ఆమె ఉన్నంతకాలం నడిపేది ఆమే. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ కోస్తారు, పెద్ద ఎఫ్‌డీలు ఆమె పేరున ఉంచకండి.

ఓటీపీలన్నీ పాత నంబరుకే వస్తాయి. విమానం ఎక్కకముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి, అక్కడికి పోయాక ఆన్ చేయాలంటే దానికీ ఓటీపీ కావాలి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ నంబరును మూసేసి వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. నెలకోసారి రీచార్జి చేసి, ఆమె ఆ సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపితే చాలు. లోన్ ఖాతా, ఆధార్, పాన్ అన్నీ ఆ ఒక్క నంబరుకే ముడిపడి ఉన్నాయి కాబట్టి, రీచార్జి తేదీని మీ ఫోన్‌లో కూడా రిమైండర్ పెట్టుకోండి.